కోత లేని ఆపరేషనూ ఒక ఆపరేషనేనా?

ఆపరేషన్ ఫలితాన్ని కొలవడానికి మా నల్లగొండ జిల్లాలో తిరుగులేని పద్ధతి ఒకటుంది. పేషెంటు అంగీ లేపి చూడాలి. బొడ్డు మీదుగా జెర్రి పాకినట్టు కుట్లు కనబడితే "అబ్బ, పెద్ద ఆపరేషనే" అంటారు. తెచ్చే అరటిపండ్లు, కొబ్బరిబొండాలు కూడా ఆ జెర్రి పొడవును బట్టే ఉంటాయి. ఈ కొలత ఇంకా వైద్య పత్రికలకు ఎక్కలేదంటే నష్టం వాటికే.

నకిరేకల్ దగ్గర ఉండే మా చిన్నాయిన ఈ పరీక్షలో దారుణంగా ఫెయిలయ్యాడు. పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ. హైదరాబాద్‌లో లాపరోస్కోపీతో తీస్తామన్నారు. గొడవ అక్కడే మొదలైంది. కోస్తా నుంచి వచ్చిన చిన్న డాక్టరొకాయన "కడుపుకి నాలుగు బొక్కలు పెడతామమ్మా, అంతే" అన్నాడు. మా దిక్కు బొక్కంటే ఎముక. ఫ్లోరైడు నీళ్లు తాగి బొక్కలు వంకరపోయిన జిల్లా మాది. చిన్నమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఉన్న బొక్కలతోనే సస్తున్నం సారూ, కడుపుల కొత్తయి ఎందుకు?" చివరికి నర్సమ్మ వచ్చి, ఆయన చెప్పింది రంధ్రాల గురించని విడమరచి చెబితే, "పొక్కలా! గట్ల చెప్పరాదు" అని సంతకం పెట్టింది.

పెట్టాక ఆమె అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే. వేలు దూరని పొక్కలోంచి మూరెడు పేగు ఎట్లొస్తది? రాదు. కార్బన్ డయాక్సైడ్ నింపి కడుపును బుడగలా ఉబ్బిస్తారు, కెమెరా దించుతారు, టీవీలో చూస్తూ రక్తనాళాలు మూసేసి పేగును విడదీస్తారు. ముక్కను బయటికి లాగడానికి ఎలాగూ రెండు మూడంగుళాల కోత తప్పదు. ఆ కాస్త కోతే మా వంశం పరువు దక్కించింది.

మూడోరోజు దేవరకొండ నుంచి మేనమామ వచ్చేసరికి చిన్నాయిన వరండాలో నడుస్తున్నాడు. మామ అరటిపండ్లు వెనక్కి దాచుకున్నంత పని చేశాడు. "ఏందిరా, నడుస్తుండు? నిజంగ చేసిన్రా, లేక పైసలు గుంజిన్రా?" ఆరోరోజు డిశ్చార్జి. సరిగ్గా అదే రోజు పదిమంది చుట్టాలు బండి కట్టుకుని బయల్దేరారు. పంతంగి టోల్‌గేటు దాటాక ఫోనొచ్చింది. కట్టిన టోలు ఎవరిస్తారన్న పంచాయితీ ఇప్పటికీ తెగలేదు.

ఇక పెద్ద సర్జన్ సంగతి. అంత చదువు చదివిన మనిషి రోజూ పొద్దున్నే వచ్చి అడిగేది ఒక్కటే: "గ్యాస్ పోయిందా?" ఊళ్లో నలుగురిలో ఆ పని చేస్తే లేచి పొమ్మంటారు. ఇక్కడ మూడోరోజు సాయంత్రం ఆ శుభవార్త ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడగానే పదిహేడు దండాలు వచ్చాయి. పేగు మళ్లీ పనిలో పడిందనడానికి అంతకంటే చవకైన సాక్ష్యం ఇంకొకటి లేదు మరి.

అమెరికావాళ్లూ ఈ లెక్కలు తీశారు, కాకపోతే అంగీ లేపకుండా. పొక్కల్లోంచి చేస్తే క్యాన్సర్ ఆ గాయాల్లోనే మొలకెత్తుతుందేమోనని 1990లలో సర్జన్లకే భయం ఉండేది. అది తేల్చడానికి 48 ఆసుపత్రుల్లో 872 మందిని రెండు జట్లు చేసి చూసి, 2004లో ఫలితం చెప్పారు. మూడేళ్లలో జబ్బు తిరగబెట్టింది లాపరోస్కోపీలో 16 శాతం మందికి, కోతలో 18 శాతం మందికి. లెక్కల శాస్త్రం దీన్ని తేడా కిందే లెక్కగట్టదు. ఆసుపత్రిలో ఉన్నది ఐదు రోజులు, ఆరు రోజులు. "ఒక్క దినానికి ఇంత లొల్లా?" అన్నాడు మామ. పొక్కలతో మొదలుపెట్టి మధ్యలో కడుపు కోయాల్సి వచ్చినవాళ్లు నూటికి 21 మంది అని చెప్పాక కొంచెం శాంతించాడు. ఆ 21 మందికి మాత్రం న్యాయం జరిగిందని ఆయన అభిప్రాయం.

పొక్క సైజు మీద ఇంత చర్చ జరిగింది గానీ, అంతకు ముందటి పద్నాలుగు నెలల మీద మా ఇంట్లో ఒక్క మాటా రాలేదు. రక్తం పడుతోందంటే ఆర్‌ఎంపీ "మొలలే, వేడి చేసింది, మజ్జిగ తాగు" అన్న పద్నాలుగు నెలలు. ఆయన దగ్గరికి చిన్నాయినను బండి మీద తీసుకుపోయింది ఎవరన్నది అనవసరం. బండి నాదే.

పరామర్శలకు వచ్చేవాళ్ల మొహాలు చూడలేక చిన్నమ్మ ఒక ఉపాయం చేసింది. పాత ధోతి చింపి చిన్నాయిన కడుపు చుట్టూ మూడు చుట్లు చుట్టింది. అప్పట్నుంచి హార్లిక్స్ సీసాలు రావడం మొదలైంది.

మొన్న పక్కింటి మల్లన్న వచ్చాడు. అందరూ లేచి వెళ్లేదాకా కూర్చున్నాడు. "ఏదన్నా, ఓసారి సూపియ్యవా" అన్నాడు. చిన్నాయిన కట్టు విప్పాడు. నాలుగు చిన్న మచ్చలు, బొడ్డు కింద ఒక గీత. మల్లన్న వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

"నాకూ ఎనిమిది నెలల సంది పడుతుందే. మొలలేనంట గదా?"

చిన్నాయిన ధోతి ముక్కను పక్కకు పడేసి నావైపు తిరిగాడు.

"రేపు పొద్దున హైదరాబాద్‌కు ఫస్టు బస్సు ఎన్ని గంటలకురా?"