అబద్ధాన్ని తేల్చే టూల్ కన్నా దాని దారి చూపే టూల్ ముఖ్యం

ఆన్‌లైన్ దుష్ప్రచారం మీద ఎక్కడ చర్చ జరిగినా చివరికి ఒక ప్రశ్న వస్తుంది. ఇంత ఏఐ వచ్చింది కదా, ఒక పోస్టు ఇస్తే అది నిజమో అబద్ధమో చెప్పే టూల్ తయారు చేయలేరా? అడగడంలో తప్పులేదు. కానీ అందరి చూపూ దాని మీదే ఉండగా, అంతకన్నా పనికొచ్చే టూళ్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. వాటి గురించి గొడవ చేసేవాళ్లు మాత్రం బాగా తక్కువ.

నిజం, అబద్ధం అని ముద్ర వేసే యంత్రంతో మొదటి చిక్కేమిటంటే, దుష్ప్రచారంలో చాలా భాగం పచ్చి అబద్ధం కాదు. ఎప్పుడో వచ్చిన వరదల వీడియోకి కొత్త క్యాప్షన్ పెట్టి ఈ రోజుదిగా తిప్పుతారు. వీడియో అసలుదే, నీళ్లూ అసలువే. మారింది తేదీ, ఊరు. ఎడిటింగ్ జరిగిందా లేదా అని చూసే సాఫ్ట్‌వేర్‌కి ఇక్కడ ఏమీ దొరకదు. ఇలాంటి చోట ఫ్యాక్ట్ చెకర్లు వాడే ఇన్‌విడ్ అనే బ్రౌజర్ ప్లగిన్ పని తీరు చూడండి. వీడియోలోంచి ముఖ్యమైన ఫ్రేములు తీసి, ఆ బొమ్మలు ఇంతకుముందు ఎక్కడైనా కనిపించాయేమో గూగుల్, యాండెక్స్ లాంటి సెర్చ్ ఇంజిన్లలో వెతికిపెడుతుంది. అంతే. తర్వాత మనిషే కూర్చుని షాపు బోర్డు మీద లిపి ఏమిటి, బండి నంబర్ ప్లేటు ఏ దేశానిది, నీడ ఎటు పడింది అని చూసుకోవాలి. తీర్పు చెప్పని టూల్ కాబట్టే దాన్ని నమ్మొచ్చు అంటాను.

ఇంకో ఉదాహరణ చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. 2022 సెప్టెంబర్‌లో ఈయూ డిస్‌ఇన్ఫోల్యాబ్, క్యూరియం అనే సంస్థలు డాపెల్‌గాంగర్ పేరుతో ఒక ప్రచార వ్యవహారాన్ని బయటపెట్టాయి. జర్మనీలోని డెర్ ష్పీగెల్, బ్రిటన్‌లోని ద గార్డియన్ లాంటి పత్రికల సైట్లకు అచ్చు నకళ్లు తయారయ్యాయి. లోగో అదే, అక్షరాలు అవే. ష్పీగెల్ అడ్రస్ చివర ఉండాల్సిన డాట్ డీఈ బదులు డాట్ ఎల్‌టీడీ ఉంటుంది. పైన మెనూలో ఏది నొక్కినా అసలు సైటుకే వెళ్తుంది. చదివేవాడికి అనుమానం ఎందుకొస్తుంది? ఆ కథనాల్లోని వాక్యాల్ని మాత్రమే పరీక్షిస్తూ కూర్చుంటే ఈ కథ బయటికి వచ్చేది కాదు. డొమైన్లు, సర్వర్లు, వాటిని పంచిన ఖాతాల తీరు కలిపి చూస్తేనే దారం చేతికి చిక్కింది. దీని వెనుక ఉన్నారంటూ 2023లో ఐరోపా సమాఖ్య రష్యా సంస్థలు, వ్యక్తుల మీద ఆంక్షలు పెట్టింది.

నిజం నిలకడ మీద తెలుస్తుందని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ నిలకడకి ఎంత టైం పడుతుందో ఎంఐటీ పరిశోధకులు లెక్క వేశారు. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాల్ని పరిశీలించి 2018లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. 1,500 మందికి చేరడానికి నిజమైన కథనానికి అబద్ధపు కథనం కన్నా దాదాపు ఆరు రెట్ల సమయం పట్టింది. బాట్లు, అంటే మనిషి లేకుండా ప్రోగ్రాం నడిపే ఖాతాలు, రెండింటినీ ఇంచుమించు ఒకే వేగంతో పంచాయి. తేడా తెచ్చింది మనుషులే. బాట్లను ఏరిపారేస్తే సగం పీడ పోతుందనుకునేవాళ్లకు ఇది మింగుడుపడని మాట.

పంచేది మనుషులే అయినప్పుడు పంచే దారిలో కాస్త అడ్డం పెట్టడం పనిచేస్తుంది. 2020 ఏప్రిల్‌లో వాట్సాప్, అప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే ఫార్వర్డ్ చేసేలా కట్టడి చేసింది. అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని తర్వాత కంపెనీయే చెప్పింది. మెసేజ్‌లో ఏముందో ఎవరూ చదవలేదు. ఎన్నిసార్లు చేతులు మారిందన్న లెక్క ఒక్కటే వాడారు. ఇదే లేబుళ్ల విషయానికొస్తే అంత తేలిక కాదు. కొన్ని అబద్ధాల మీద హెచ్చరిక వేస్తే, హెచ్చరిక లేనివన్నీ నిజమేనేమో అని జనం అనుకునే ప్రమాదముందని 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది.

ట్విట్టర్ ఇప్పటి పేరు ఎక్స్. తప్పుదారి పట్టించే పోస్టు కింద యూజర్లే వివరణ రాసే కమ్యూనిటీ నోట్స్ పద్ధతి అందులో ఉంది. అది నాకు నచ్చుతుంది, కొంతవరకు. మామూలుగా ఒకరితో ఒకరు ఏకీభవించని రెండు పక్షాల యూజర్లూ ఒక నోట్ బాగుందంటేనే అది అందరికీ కనబడుతుంది. మెజారిటీ ఓటు కాదు, అందుకే ఒక గుంపు వచ్చి దాన్ని లాక్కుపోవడం కష్టం. పైగా ఆ లెక్క కోడ్‌తో సహా బయట పెట్టారు. కానీ జనం నిలువునా చీలిపోయిన విషయాల మీద ఆ రెండు పక్షాలూ ఒప్పుకునేదెప్పుడు? నోట్ వచ్చేసరికి పోస్టు ఊరంతా తిరిగొచ్చేస్తుంది. ఏఐతో చేసే నకిలీ ఫొటోలు, వీడియోల్ని, అంటే డీప్‌ఫేక్‌లను ఎదుర్కోవడానికి అడోబీ, మైక్రోసాఫ్ట్, బీబీసీ లాంటివి కలిసి 2021లో మొదలుపెట్టిన సీ2పీఏ ప్రమాణం కూడా అంతే. ఫొటో ఎక్కడ పుట్టింది, ఎవరు మార్చారు అన్న చరిత్ర దానికి అంటిపెట్టుకుని ఉంటుంది. ఒక్క స్క్రీన్‌షాట్ తీస్తే ఊడిపోతుంది.

ఇప్పుడు మూతల సంగతి. ఫేస్‌బుక్‌లో ఏ పబ్లిక్ పోస్టు ఎంత వేగంగా పాకుతోందో బయటివాళ్లకు చూపించిన టూల్ క్రౌడ్‌టాంగిల్. విలేకరులు, పరిశోధకులు దాని మీదే ఆధారపడ్డారు. మెటా దాన్ని 2024 ఆగస్టు 14న ఆపేసింది, అదీ అమెరికా అధ్యక్ష ఎన్నికలకు మూడు నెలలు కూడా లేనప్పుడు. కనీసం ఎన్నికలయ్యేదాకా ఉంచమని మొజిల్లాతో పాటు ఎన్నో సంస్థలు లేఖ రాసినా వినలేదు. బదులుగా ఇచ్చిన కంటెంట్ లైబ్రరీకి దరఖాస్తు పెట్టుకోవాలి, లాభాల కోసం నడిచే వార్తా సంస్థలకు అందులో చోటు లేదు. ట్విట్టర్ అయితే బయటి ప్రోగ్రాములు దాని డేటా తీసుకునే దారికి, అంటే ఉచిత ఏపీఐకి, 2023లోనే తాళం వేసింది. ఒక ఖాతా బాటో కాదో అంచనా వేసే ఇండియానా యూనివర్సిటీ వాళ్ల బోటోమీటర్ ఆ దెబ్బకు కొత్త ఖాతాల్ని పరీక్షించడం మానేసి పాత డేటాకే పరిమితమైంది. టూల్ తయారు చేసినవాళ్ల తెలివి తగ్గలేదు, చూడ్డానికి డేటా లేకుండా పోయింది.

ప్రైవసీ కోసమే అంటాయి కంపెనీలు. ఫేస్‌బుక్ యూజర్ల డేటా వాళ్లకు తెలియకుండా ఒక రాజకీయ సలహా సంస్థ చేతికి చేరిన 2018 నాటి కేంబ్రిడ్జ్ ఎనలిటికా గొడవ తర్వాత ఆ భయం ఉత్తుత్తిది కాదు. అయితే లక్షల మంది ఫాలోయర్లున్న పేజీ అందరికీ కనబడేలా పెట్టిన పోస్టు ఎంతమందికి చేరిందో చెబితే ఎవరి గుట్టు రట్టవుతుంది? కంపెనీలే లోపల అన్నీ చక్కబెట్టుకుంటాయిలే అనుకోవడానికీ లేదు. ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగి ఫ్రాన్సిస్ హాగెన్ 2021లో బయటపెట్టిన పత్రాల ప్రకారం, తప్పుడు సమాచారాన్ని వర్గీకరించే పని మీద పెట్టే సమయంలో 87 శాతం ఒక్క అమెరికాకే. మిగతా ప్రపంచానికి, అన్ని భాషలకూ కలిపి 13.

ఐరోపా డిజిటల్ సర్వీసెస్ చట్టం 40వ అధికరణం ఈ చిక్కుకు ఒక దారి చూపింది. ఐరోపా సమాఖ్యలో నెలకు 4.5 కోట్ల మంది యూజర్లు దాటిన ప్లాట్‌ఫాంలు, అర్హత తేల్చుకున్న పరిశోధకులకు లోపలి డేటా కూడా ఇచ్చి తీరాలి. వివరమైన నిబంధనలు 2025 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చాయి. కాకపోతే పరిశోధన ఐరోపాకున్న ముప్పుల మీదే ఉండాలి. అదే ప్లాట్‌ఫాం, అదే తరహా ప్రచారం, వేరే ఖండంలో జరిగితే ఆ తలుపు తెరుచుకోదు. మిగతా చోట్ల చాలా దేశాలు దుష్ప్రచారం పేరుతో చట్టాలు రాసినప్పుడు ఏ పోస్టు తీసేయాలి, ఎవరి మీద కేసు పెట్టాలి అన్నదాని మీదే పేజీలు నింపుతున్నాయి. పబ్లిక్ పోస్టుల లెక్కలు విలేకరులతో సహా అందరికీ చూపాలని, కొత్త టూల్ పనిచేస్తోందని తేలేదాకా పాతది ఆపకూడదని రెండు నిబంధనలు రాస్తే ప్రభుత్వానికి సెన్సార్ అధికారం ఇవ్వకుండానే పని మొదలవుతుంది.