సృజన పేరిట మా ఇంట్లో సోదా

ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తే ముందు దిగువనున్న లంక గ్రామాలకి హెచ్చరిక పంపుతారు. గొడ్డూగోదా తోలుకుని గట్టెక్కడానికి జనానికి కాస్త వ్యవధి ఉంటుంది. గుంటూరు బ్రాడీపేటలో కాపురముంటున్న నాకు మాత్రం ఆపాటి మర్యాద కూడా దక్కలేదు. మా అమ్మాయి స్కూల్లోకి ఒక విశ్వవిద్యాలయాన్ని ఏ హెచ్చరికా లేకుండా వదిలేశారు.

వచ్చింది తెలుగు శాఖ. మూడు రోజులపాటు పదో తరగతి పిల్లలకి సృజనాత్మక రచన నేర్పుతారట. దీన్ని విస్తరణ కార్యక్రమం అంటారు. విస్తరిస్తే విస్తరించారు, ఆక్రమణ అని నేను అనను. కానీ అసలు సృజనాత్మకత మా పిల్లలకి కొత్తా? పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రంలో 'వ్యక్తీకరణ - సృజనాత్మకత' అని ఏకంగా ఒక విభాగమే ఉంది. దానికి మార్కులున్నాయి. మార్కులున్నాయి గనక గైడు ఉంది. గైడులో కరపత్రం, సంభాషణ, లేఖ, నినాదాలు అన్నీ సృజించి సిద్ధంగా పెట్టారు. పిల్ల చేయాల్సిందల్లా బట్టీ కొట్టడమే. చెట్ల మీద నినాదం రాయమంటే నా కాలంలో నేను 'చెట్లు ప్రగతికి మెట్లు' అని రాశాను. మొన్న యూనిట్ టెస్టులో మా అమ్మాయీ అదే రాసింది. ఇద్దరికీ ఫుల్ మార్కులు. వంశపారంపర్యంగా వచ్చే సృజనంటే అది.

లేఖ సంగతి చెప్పక్కర్లేదు. పరీక్షలో సొంత పేరు రాయకూడదు కాబట్టి ఎక్స్ఎక్స్ఎక్స్ అనే అమ్మాయి, ఎక్స్ఎక్స్ఎక్స్ అనే ఊరి నుంచి, తాను ఇక్కడ క్షేమమనీ, మిత్రురాలు అక్కడ క్షేమమని తలుస్తాననీ రాస్తుంది. ఆ తర్వాత తాజ్‌మహల్ చూసొచ్చిన విశేషాలు. మా పిల్ల గుంటూరు దాటి అమరావతి స్తూపం దాకా కూడా పోలేదు. అయినా తాజ్‌మహల్ గురించి ఒకటిన్నర పేజీ, ఒక్క కొట్టివేత లేకుండా రాయగలదు. ఊహాశక్తి అంటే ఇంకేం కావాలి?

న్యాయంగా చెప్పాలంటే, మొదటి పూట అంతా పద్ధతిగానే జరిగింది. ఫ్లెక్సీ కట్టారు. జ్యోతి వెలిగించారు. ఫ్యాను గాలికి ఆరిపోతే మళ్ళీ వెలిగించారు. వేదిక మీదున్న వాళ్ళు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. తర్వాత గంటన్నరసేపు, క్లుప్తత రచనకి ప్రాణమని ఉపన్యసించారు. ఎండలో వరసగా నిలబెట్టి ఫోటోలు తీశారు. మామూలు ఫోటోలు కాదు, అక్షాంశం, రేఖాంశం, టైముతో సహా కిందనే అచ్చయ్యేవి. విశ్వవిద్యాలయాల నాణ్యతని తూచే న్యాక్ వాళ్ళ ప్రమాణాల్లో విస్తరణ కూడా ఉందట. సృజన జరిగిందో లేదో చెప్పడం కష్టంగానీ, ఎక్కడ జరిగిందో మాత్రం ఇంచు తేడా లేకుండా చెప్పొచ్చు. అభిప్రాయ సేకరణ ఫారాలు కూడా క్లాసు మొదలవక ముందే పంచి, 'అద్భుతం' అన్న గడిలో టిక్కులు పెట్టించేసుకున్నారు. ముందుచూపున్న మనుషులు.

అక్కడితో ఆగి ఉంటే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు. భోజనాలు కాగానే పెద్దలు కార్లెక్కారు. వెనకాల ఇద్దరు పరిశోధక విద్యార్థులు మిగిలారు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఇంకా ఉద్యోగాలు రాలేదు కాబోలు, చెప్పిన పని నిజంగా చేయడం మొదలుపెట్టారు.

గైడు మూయమన్నారు. రేపు పొద్దున ఆరింటి నుంచి ఏడింటి దాకా మీ ఇంట్లో మీరు చూసిందీ విన్నదీ రాసుకురండి అన్నారు. 'అందమైన' అన్న మాట వాడొద్దు, సామెతలు పెట్టొద్దు, చివర్లో నీతి చెప్పొద్దు అన్నారు. పదేళ్ళుగా ప్రతి వ్యాసాన్నీ 'కావున మనమందరమూ' అని ముగించడం నేర్చుకున్న పిల్లలండీ వాళ్ళు! ఎక్కడ ఆపాలో తెలియక సగం మంది బిక్కమొహం వేశారట. దీనికి మార్కులెన్ని అని ఒక తెలివైన పిల్లవాడు అడిగితే, లేవని చెప్పారట. మైనర్ల చేత మార్కులు లేని పని చేయించడం ఏ సెక్షన్ కిందకి వస్తుందో తెలిసిన వకీళ్ళు చెప్పాలి.

పైగా శారద కథ చెప్పారు. మన పక్కనున్న తెనాలిలోనే, శారద అన్న పేరుతో రాసిన నటరాజన్ కథ. పుట్టుకకి తమిళుడు. తెలుగు నేర్చుకుని, హోటళ్ళలో సర్వరుగా పనిచేస్తూ, తెలుగులోనే నవలలు రాసి, 30 ఏళ్ళకే 1955లో పోయాడు. మంచిదే, జోహార్లు. కానీ పిల్లల ముందు చెప్పాల్సిన కథా ఇది? ఇంటికొచ్చి మా అమ్మాయి, "అంటే ఆయన ఏ కోచింగూ తీసుకోలేదా నాన్నా?" అని అడిగింది. ఏడాదికి నేను కడుతున్న ఫీజు తల్చుకుని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మూడో రోజు ముగింపు సభకి తల్లిదండ్రుల్ని పిలిచారు. పిల్లలు రాసినవన్నీ గోడకి అతికించారు. మా అమ్మాయి కాగితం వెతుక్కుని చదివాను. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

"అమ్మ రెండో పెసరట్టు వేస్తోంది. ఫోన్ మోగింది. నాన్న పేరు చూసి కాసేపు ఆగి ఎత్తాడు. 'కాజ టోల్‌గేట్ దగ్గరున్నానండీ, లైను కదలట్లేదు' అన్నాడు. అమ్మ 'అల్లం పచ్చడి వెయ్యనా?' అంది. నాన్న ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి తలూపాడు."

అంతే. ఉపమ లేదు, ఉత్ప్రేక్ష లేదు. చివరికి 'నాన్నగారు' కూడా లేదు, 'ఎత్తాడు', 'అన్నాడు'! ఈ మాటే మా ఆవిడతో అంటే, "ఇంట్లో అట్లాగేగా పిలుస్తుంది, రాస్తే తప్పొచ్చిందా?" అంది. స్కూలు తెలుగు మాస్టారైతే ఉన్నది ఉన్నట్టు వర్ణించడం స్వభావోక్తి అలంకారమంటూ లక్షణం చెప్పి, అక్కడికక్కడే నా మీద సమన్వయం కూడా చేశారు.

అలంకారం సంగతి అలా ఉంచండి. ఆ ఫోన్ చేసిన పెద్దమనిషి మా చీటీలాయన. పాట పాడి డబ్బు తీసుకున్నాక నాలుగు వాయిదాలు బాకీ పడ్డాను. ఆయన రెండో కొడుకూ అదే క్లాసని నాకప్పటిదాకా తెలియదు. నా భుజం పక్కనే నిలబడి, కళ్ళజోడు సర్దుకుని, కాగితమంతా నిదానంగా చదివాడు. నేను ఫాస్టాగ్ పని చేయలేదన్న సమాధానం సిద్ధం చేసుకుంటున్నాను. ఆయన మాత్రం, "అల్లం పచ్చడి ఇంట్లోదేనా, బయట కొన్నదా అండీ?" అని అడిగాడు.

ఇంట్లోదే అని చెప్పాను. ఆ సాయంత్రమే రెండు వాయిదాలు కట్టేశాను.

ఇలా అవమానపడ్డది నేనొక్కణ్ణే కాదు. ఆ గోడ ముందు నిలబడ్డ ఏ తల్లీ ఏ తండ్రీ పక్కవాళ్ళ కళ్ళలోకి చూడలేదు. సర్టిఫికెట్లు పంచుతుంటే చప్పట్లు కొట్టడానికి కూడా కాసేపు పట్టింది. కాబట్టి విశ్వవిద్యాలయం వారికి నా మనవి. విస్తరించండి, వద్దనను. శాలువాలు, ఫ్లెక్సీ, ఫోటోలు యథాతథంగా ఉండనివ్వండి, వాటివల్ల ఇంతవరకూ ఒక్క సంసారానికీ హాని జరగలేదు. ఆ మధ్యలో జరిగే రాతపనికి మాత్రం తల్లిదండ్రుల దగ్గర నిరభ్యంతర పత్రం తీసుకోండి. పిల్లల్ని మరీ చూడమనాలనిపిస్తే తాజ్‌మహల్ వైపు చూడమనండి. ఇంటివైపు వద్దు.

ఇప్పుడు ఫోన్ వస్తే నేను డాబా ఎక్కుతున్నాను. ఈ వ్యాసం కూడా నీళ్ళ ట్యాంకు నీడన కూర్చునే రాశాను. రాసి కిందికి వచ్చేసరికి మా అమ్మాయి నోటుబుక్కు టేబుల్ మీద తెరిచి ఉంది. సిరా ఇంకా ఆరలేదు.

"నాన్న డాబా మీద ఏదో రాస్తున్నాడు. రెండు గంటలైంది. రాసింది పైకి చదువుకుని నవ్వుకుంటున్నాడు. మళ్ళీ కొట్టేస్తున్నాడు. నాలుగు కాగితాలు ఉండ చుట్టి పారేశాడు. ఒకటి నేను తీసుకున్నాను."