ముగింపు తెలిసినా చదివిస్తే అది నేర్పు కాదా?

రొమాంటిక్ కామెడీ నవలల మీద పాత ఫిర్యాదే మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. అవే పాత్రలట, అదే కథట. కనపడగానే కయ్యానికి దిగే నాయకానాయికలు, లోపల వెన్నలాంటి మనసున్న ముక్కోపి, అందరి ప్రేమలూ చక్కబెట్టే స్నేహితురాలు, ఎవరికో ఒకరికి ముడిపెట్టందే నిద్రపట్టని పెద్దావిడ. మొదటి అధ్యాయంలోనే ఎవరికి ఎవరో తెలిసిపోతుంది. తెలియాలి కూడా. ఈ నవలల్లోని ఆనందం అక్కడే మొదలవుతుంది.

చివరికి ఏమవుతుందోనన్న టెన్షన్ లేనప్పుడు మన చూపు చిన్న చిన్న విషయాల మీదికి వెళ్తుంది. ఇద్దరూ హోరాహోరీగా పోట్లాడుకుంటున్నారనుకోండి. మధ్యలో ఆమెకు దగ్గొస్తుంది. అతను వాదన ఆపకుండానే నీళ్ల గ్లాసు ఆమె వైపు జరుపుతాడు. ఆమె రెండు గుక్కలు తాగి, తిట్టడం ఎక్కడ ఆపిందో అక్కణ్నుంచే అందుకుంటుంది. ఆ గ్లాసు సంగతి వాళ్లకు తెలియనే తెలియదు. మనకు తెలుసు. వాళ్లకెప్పుడు తెలుస్తుందా అని వంద పేజీలు ఎదురుచూడటంలో ఉన్న సుఖం, ముగింపును దాచిపెట్టే కథల్లో దొరకదు.

ఈ పాత్రలు నిన్న మొన్న పుట్టినవి కావు. క్రీస్తుపూర్వం 316లో ఏథెన్స్‌లో గ్రీకు నాటకకర్త మెనాండర్‌కు బహుమతి తెచ్చిన హాస్య నాటకంలో ఎవరినీ దగ్గరికి రానివ్వని ముక్కోపి తండ్రి ఉన్నాడు, అతని కూతురిపై మనసుపడ్డ కుర్రాడూ ఉన్నాడు. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన అష్టవిధ నాయికల్లో కలహాంతరిత ఒకరు. కోపంలో ప్రియుణ్ని పంపించేసి, తర్వాత కుమిలిపోతుంది. ఇవాళ్టి నవలల్లో ముగింపుకు కాస్త ముందొచ్చే ఎడబాటు ఘట్టం అచ్చంగా ఆమెదే. ఇన్ని శతాబ్దాలుగా పాఠకులూ ప్రేక్షకులూ విసుగెత్తి ఆమెను వదిలేయలేదు.

నాసిరకం నవలలు కుప్పలుగా వస్తున్న మాట వాస్తవం. వెంటపడి వేధించడాన్నే ప్రేమగా చూపించేవీ ఉన్నాయి. వాటిని నేను వెనకేసుకురాను. అయితే ఆ తప్పు రాసినవాళ్లది, ప్రక్రియది కాదు.

అసలు డిటెక్టివ్ నవలను ఎవరూ ఇలా నిలదీయరేం? హంతకుడు దొరుకుతాడని అక్కడా ముందే తెలుసు. తెలివైన అపరాధ పరిశోధకుడు, వెంట ఒక అమాయక మిత్రుడు, తప్పుదారి పట్టే పోలీసు... అవీ పాతపడ్డ మూసలే. అయినా దాన్ని మెదడుకు మేత అంటారు, దీన్ని కాలక్షేపం అంటారు. ప్రేమ నవలలు చదివేది ఎక్కువగా ఆడవాళ్లు కావడమే ఈ చిన్నచూపుకు పెద్ద కారణమని నా గట్టి నమ్మకం. దానికి తోడు మన సాహిత్య విమర్శకు విషాదమంటే వల్లమాలిన గౌరవం. పాత్ర చనిపోతే లోతుందంటారు. ఇద్దరు మనుషులు అహం వదిలి, క్షమాపణ చెప్పుకుని, కలిసి బతకడం నేర్చుకుంటే తేలికపాటి రచన అంటారు. క్షమాపణ చెప్పడం అంత తేలికా? 1813లో వచ్చిన జేన్ ఆస్టిన్ ప్రేమ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో నాయకానాయికలు డార్సీ, ఎలిజబెత్ తమ తప్పు ఒకరి ముందు ఒకరు ఒప్పుకోవడానికి దాదాపు నవలంతా పట్టింది.

సమీక్షకులు ఈ నవలలనూ చేతిలోకి తీసుకోవాలి. సంభాషణ పండిందా, ఆ ముక్కోపి మెత్తబడటానికి సరైన కారణం ఉందా, నవ్వు ఎవరినైనా కించపరచి పుట్టిందా అని గట్టిగా అడగాలి. కథ ముందే తెలిసిపోయిందన్న ఒక్క మాటతో పక్కన పడేయడం మాత్రం విమర్శ అనిపించుకోదు.