పిల్లల్ని ఆడించడానికి ట్రైనింగా అని అడిగిన మా బావకి

రాత్రి వీడియో కాల్‌లో మా బావ అన్న మాటకి ఇంకా ఒళ్లు మండుతోంది. "పిల్లల్ని ఆడించడానికి కూడా ట్రైనింగా? దుబాయ్‌లో మంచి అకౌంట్స్ ఉద్యోగం పెట్టుకుని నీకిదేం పిచ్చే?" వెనకాల అత్తయ్య నవ్వు కూడా వినబడింది.

నేను నేర్చుకుంటున్నది మాంటిస్సోరి టీచర్ ట్రైనింగ్. ఆ టైముకి దానికోసమే గరుకు కాగితం మీద 'ఖ' కత్తిరిస్తున్నా. పిల్లలు చూపుడు వేలూ మధ్య వేలూ కలిపి దాని మీద రాస్తూ శబ్దం పలకాలి. వంపు ఎక్కడ తేడాగా తెగినా వేలు అక్కడే ఆగిపోతుంది. పగలంతా ఇన్‌వాయిస్‌లు, వ్యాట్ లెక్కలు, సాయంత్రం మెట్రోలో నిలబడి ఇంటికి రావడం, వంట, ఆన్‌లైన్ క్లాసు, ఆ తర్వాత ఈ పని.

పింక్ టవర్ అని పిల్లలు పేర్చే గులాబీ రంగు దిమ్మెలుంటాయి. అందులో పది ఘనాలు, 1 సెంటీమీటరు నుంచి 10 సెంటీమీటర్ల దాకా. ఒక్కోటీ విడిగా మోసుకొచ్చి, నోరు మెదపకుండా పేర్చి చూపించాలి. మాట్లాడితే పిల్లల చూపు మన చేతి మీద నుంచి మొహం మీదికి పోతుంది. అబ్జర్వేషన్‌లో, అంటే క్లాసులో పిల్లల్ని గమనించేటప్పుడు, మూల కూర్చుని కంటికి కనబడిందే రాయాలి. 'మొండికేశాడు' అని రాస్తే మా ట్రైనింగ్ మేడమ్ ఆ మాట కొట్టేస్తారు, వాడేం చేశాడో రాయమంటారు. ఇవన్నీ బడి వేళల్లోనే, అంటే నా సెలవులన్నీ దీనికే. ఈసారి పండక్కి ఊరికి రాలేను. అది అడిగినవాళ్లు ఒక్కరూ లేరు!

ఈ పద్ధతి మొదలుపెట్టిన మరియా మాంటిస్సోరి డాక్టరు. 1907లో రోమ్‌లో శాన్ లొరెంజో అనే పేదల పేటలో, పనికి పోయేవాళ్ల పిల్లల కోసం మొదటి బడి పెట్టింది. 1939లో మద్రాసు అడయారుకొచ్చి టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చింది, యుద్ధం వచ్చి 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయింది. అంత దగ్గరికొచ్చి నేర్పి వెళితే మనవాళ్లు పట్టుకున్నది బోర్డు మీద పేరొక్కటే.

మా టౌన్లో ఆ పేరు తగిలించుకున్న బడిలోనే, నాలుగు గీతల కాపీలో 'బి' తిరగేసి రాసిందని మూడేళ్ల పిల్లని స్కేలుతో వేళ్ల మీద కొట్టారు. నేను సెలవుకొచ్చినప్పుడు పలక ఇస్తే చెయ్యి వెనక్కి దాచేసుకుంది. ఆ పిల్ల ఎవరో కాదు బావా, మీ పాపే. నువ్వు ఆ బడి వాళ్లని ఒక్క మాట అడగలేదు, మర్నాడే మళ్లీ అక్కడికే పంపావు. నన్ను మాత్రం ఎందుకు నేర్చుకుంటున్నావని అడుగుతావా?

అసలు ఇది ఇప్పటి కోపం కాదు. ఇంటర్ అయ్యాక టీచర్ ట్రైనింగ్‌లో చేరడానికి డైట్‌సెట్ పరీక్ష రాస్తానని ఏడ్చాను. మామయ్య వచ్చి "డీఎస్సీ ఎప్పుడు పడుతుందో ఎవడికి తెలుసు, బీకాం కంప్యూటర్స్‌లో వేసెయ్" అన్నారు. మామయ్య మాట కాదనలేక నాన్న వేసేశారు. నన్ను అడిగినవాళ్లే లేరు. ఆ బీకాంతో వచ్చిన జీతంలోంచే ఇన్నాళ్లూ మామయ్య గారి చిట్టీ వాయిదా కట్టాను. అప్పుడు నా ఉద్యోగం మంచిదే, నేనూ మంచిదాన్నే.

ఈ నెల నుంచి ఆ వాయిదా నేను కట్టను. ఆ డబ్బు కోర్సు ఫీజుకి కావాలి. బావకి కూడా మంచి ఉద్యోగమే ఉంది, తను కట్టుకుంటాడు.