పదవీ విరమణ వయసు పెంచితే సరిపోదు
జపాన్‌లో పదవీ విరమణ వయసును 70కి పెంచితే పెన్షన్ల భారం తీరిపోతుందని ఒక వ్యాసంలో రాశారు. ఈ మాట నేను ఒప్పుకోలేను. అక్కడ జనాభాలో సుమారు 29 శాతం మంది 65 దాటినవాళ్లే, వాళ్లలో చాలామంది ఇప్పటికీ పని చేస్తూనే ఉన్నారు. అసలు చిక్కంతా మంచాన పడ్డవాళ్లను ఎవరు చూసుకోవాలన్న దగ్గర వస్తోంది. ఇంట్లో పెద్దల సేవ కోసం అక్కడ ఏటా దాదాపు లక్ష మంది ఉద్యోగాలు మానేస్తున్నారు, ఎక్కువమంది ఆడవాళ్లే. మా అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు నేనూ అదే చేశాను. వీపు మీద పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రిళ్లు కూడా. నాలుగు నెలలు లాగి ఉద్యోగం వదిలేశాను. అంటే పన్ను కట్టే మనిషి ఒకరు తగ్గినట్టే కదా! 40 ఏళ్లు నిండినవాళ్ల దగ్గర ప్రీమియం తీసుకుని ఇంటికి సహాయకులను పంపే సంరక్షణ బీమాను జపాన్ 2000లోనే తెచ్చింది. చాలా మంచి పని. కానీ ఆ సహాయకులకు జీతాలు తక్కువ, అందుకే మనుషులు దొరకడం లేదు. 2019లో అక్కడ వినియోగ పన్నును, అంటే కొనే వాటి మీద వేసే పన్నును, 8 నుంచి 10 శాతానికి పెంచారు. ఆ డబ్బులో ఇంకొంత ముందు వీళ్ల జీతాలకు ఇవ్వాలి, వయసు పెంచే సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.