తొమ్మిది మందిలో ముగ్గురు

అమెరికా హైస్కూల్ అనగానే మన కళ్ళకు కట్టేది పసుపు బస్సులు, ఫుట్‌బాల్ మైదానం, రెండు వేల మంది పిల్లలు. అదే అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇన్యో అనే కౌంటీ ఉంది. డెత్ వ్యాలీ ఎడారిలో ఎక్కువ భాగం దాని పరిధిలోదే. విస్తీర్ణం సుమారు 10 వేల చదరపు మైళ్ళు, 2020 జనగణన ప్రకారం జనం దాదాపు 19 వేలు. ఇలాంటి మారుమూల చోట ఒక పిల్లాడు మామూలు హైస్కూల్లో తప్పితే, పక్క వీధిలో ఇంకో స్కూలు ఉండదు. ఉంటే గింటే ఆ స్కూల్ డిస్ట్రిక్టే (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) నడిపే చిన్న ఆల్టర్నేటివ్ హైస్కూల్ ఉంటుంది. ఒకటో రెండో గదులు, ఇద్దరు ముగ్గురు టీచర్లు, ఇరవయ్యో ముప్పయ్యో మంది పిల్లలు. ఈ బడిని ప్రభుత్వం ఎలా లెక్కగడుతోందన్నదే నా అభ్యంతరం.

కాలిఫోర్నియాలో వీటిలో ఎక్కువగా కనిపించే రకాన్ని కంటిన్యుయేషన్ హైస్కూల్ అంటారు. 1919 నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. పనికి వెళ్ళే పిల్లల చదువు మధ్యలో ఆగిపోకూడదన్నది అప్పటి ఉద్దేశం. 16 ఏళ్ళు నిండినవాళ్ళు చేరతారు, వారానికి 15 గంటలు బడిలో ఉంటే చాలు. రోజుకు మూడు గంటలేనా అని పెదవి విరిచేవాళ్ళు ఉంటారు. వాళ్ళు ఒకసారి క్రెడిట్ల లెక్క చూడాలి.

అక్కడ హైస్కూల్ అంటే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా. పదకొండో తరగతి పూర్తయిన ఒక అబ్బాయిని ఊహించుకుందాం. రాత్రిళ్ళు పెట్రోల్ బంకులో పని, ఇంట్లో జబ్బు మనిషి, రెండేళ్ళుగా హాజరు అంతంతమాత్రం. చేతిలో 90 క్రెడిట్లున్నాయి. క్రెడిట్ అంటే పాసైన కోర్సుకు ఖాతాలో పడే పాయింటు, ఏడాది కోర్సుకు పది. డిప్లొమాకు, అంటే హైస్కూల్ పూర్తిచేసిన పట్టాకు, అక్కడి స్కూల్ డిస్ట్రిక్టులు చాలావరకు 200కు పైనే అడుగుతాయి, 220 అనుకుందాం. రోజుకు ఆరు పీరియడ్ల బడిలో అన్నీ పాసైనా ఏడాదికి వచ్చేవి 60. అంటే ఇంకా రెండేళ్ళు దాటాలి. పైగా అక్కడ సెమిస్టర్ మొత్తం పాసైతేనే క్రెడిట్, డిసెంబరులో కొద్దిలో తప్పినా సున్నానే. ఈ లెక్క ఆ అబ్బాయికి మనకంటే ముందే తెలుసు. అందుకే బడికి రావడం మానేస్తాడు. మనం దాన్ని బద్ధకం అంటాం.

కంటిన్యుయేషన్ బడిలో పూర్తి చేసినంత పనికి అంత క్రెడిట్. అక్టోబరులో ఇంగ్లీషు పాఠాలు కొన్ని ముగిస్తే వాటి క్రెడిట్ అక్టోబరులోనే ఖాతాలో పడుతుంది. దానికితోడు, రాష్ట్ర చట్టం డిప్లొమాకు తప్పనిసరి చేసినవి ఏడాది నిడివి కోర్సులు 13, అంటే 130 క్రెడిట్లు. కొన్ని డిస్ట్రిక్టులు ఈ బడులకు ఆ కనీసాన్నే పెట్టుకుంటాయి. అప్పుడు ఆ అబ్బాయికి మిగిలేవి 130 కాదు, ఇంచుమించు 40. చేరుకోగల దూరం.

ఇది చవక డిప్లొమా కాదా? కొంతవరకు అవును, దాన్ని దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో నేరుగా చేరాలంటే నిర్ణీత కోర్సులు 15 కావాలి. అందులో ల్యాబ్ సైన్స్, ఇంకో భాష ఉంటాయి. ఇద్దరు టీచర్ల బడిలో ల్యాబ్ ఎక్కణ్ణుంచి వస్తుంది? కెమిస్ట్రీ చెప్పాల్సింది చరిత్ర టీచరైతే కంప్యూటర్ సాఫ్ట్‌వేరే గతి. పిల్లాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వీడియో ముందుకు జరిపేసి, క్విజ్‌లో ఆప్షన్లు మార్చి మార్చి నొక్కి యూనిట్ అయిందనిపిస్తాడు. దీన్ని చదువు అనడానికి నాకు నోరు రాదు. అయితే అదే గదిలో రెండు రోజులు కనబడకపోతే మూడో రోజు టీచరే ఇంటికి ఫోన్ చేస్తుంది, వాళ్ళమ్మ పేరుతో సహా తెలిసిన టీచర్. రెండు వేల మంది బడిలో వెళ్ళేది రికార్డు చేసిన ఫోన్ సందేశం. చిన్న బడి బలమూ బలహీనతా రెండూ ఆ చిన్నతనంలోనే ఉన్నాయి.

ఇక కొలత సంగతి. 2015 నాటి ఫెడరల్ విద్యా చట్టం ప్రకారం మూడో వంతు లేదా అంతకు మించి పిల్లలు డిప్లొమా అందుకోని ప్రతి ప్రభుత్వ హైస్కూలూ 'మెరుగుపరచాల్సిన బడి' జాబితాకెక్కుతుంది. లెక్కకు ప్రధాన ఆధారం తొమ్మిదో తరగతిలో చేరినప్పటి నుంచి నాలుగేళ్ళు. చివరి ఏడాదిలో తొమ్మిది మంది ఉన్న బడిని తీసుకోండి. ముగ్గురు డిప్లొమా అందక మిగిలిపోతే సరిగ్గా మూడో వంతు, జాబితాలో పడ్డట్టే. ఇద్దరే మిగిలితే డిప్లొమా అందుకున్నవాళ్ళు 78 శాతం, ఏ బాధా లేదు. తేడా ఒక్క మనిషి. రెండు వేల మంది బడిలో ఆ ఒక్కడు దశాంశాల్లో కలిసిపోతాడు.

అసలు మెలిక ఇంకోటి. వెనకబడ్డ పిల్లాడు చిన్న బడికి బదిలీ అయితే పెద్ద బడి లెక్కలోంచి వాడి పేరు పోతుంది, ఇక్కడి లెక్కలో చేరుతుంది. అక్కడ శాతం పెరుగుతుంది, ఇక్కడ తగ్గుతుంది. పిల్లాడి మంచికోసమే పంపారో, వదిలించుకోవడానికే పంపారో కాగితం మీద తెలియదు. చట్టం రాసినవాళ్ళకు ఈ చిక్కు తెలియక కాదు. వందమంది లోపు పిల్లలున్న ఇలాంటి బడిలో మెరుగుదల చర్యలు చేపట్టకపోయినా ఫర్వాలేదని రాష్ట్రాలు అనుమతించవచ్చని అందులోనే రాశారు. చర్యలు తప్పినా బడికి పడ్డ పేరు మాత్రం పోదు. ఊరంతా కలిపి కొన్ని వేల మంది ఉన్నచోట ఆ పేరు ఎంత దూరం వెళుతుందో వేరే చెప్పాలా?

డబ్బు కూడా ఇంతే. కాలిఫోర్నియా నిధులు ఇచ్చేది రిజిస్టర్లో ఉన్న పేర్లను బట్టి కాదు, సగటు హాజరును బట్టి. హాజరు అంతంతమాత్రమైన పిల్లల కోసమే పెట్టిన బడికి హాజరును బట్టి డబ్బులు! మారుమూల చిన్న హైస్కూళ్ళకు విడిగా ఒక పద్ధతి ఉన్నమాట నిజమే, కానీ ఆ పద్ధతిలోనూ హాజరు పట్టిక ఉంది. అలాస్కాలో గీత ఇంకా కటువు. పిల్లలు పదిమంది కన్నా తగ్గితే నిధుల కోసం దాన్ని విడి స్కూలుగా లెక్కించరు, చాలాచోట్ల తలుపులు మూతపడేది అందుకే. కోడియాక్ దీవిలోని కార్లుక్ గ్రామం బడిని తిరిగి తెరిపించుకోవడానికి 2021లో పిల్లలున్న రెండు కుటుంబాలు వచ్చి ఉంటే ఖర్చులు తామే భరిస్తామని ప్రకటన ఇచ్చింది. బడి కోసం పిల్లల్ని వెతుక్కునే పరిస్థితి.

నాలుగేళ్ళ రేటును ఇలాంటి బడుల విషయంలో పక్కన పెట్టి, పిల్లాడు చేరిన రోజున ఎన్ని క్రెడిట్లతో వచ్చాడు, ఏడాదిలో ఎన్ని సంపాదించాడు అన్నది చూడాలంటాను. దానికి కొత్త సర్వేలేమీ అక్కర్లేదు, ఆ అంకెలు ప్రతి బడి ఆఫీసు ఫైళ్ళలో ఇప్పటికే ఉన్నాయి. మనం ఊహించుకున్న ఆ పెట్రోల్ బంకు అబ్బాయి నాలుగో ఏడాది ముగిసే జూన్ దాటించి, అయిదో ఏడాది అక్టోబరులో చివరి క్రెడిట్ పూర్తిచేసి డిప్లొమా పుచ్చుకున్నాడనుకోండి. నాలుగేళ్ళ లెక్కలో వాడు ఆ మిగిలిపోయిన ముగ్గురిలోనే ఉంటాడు.