నేర్పేవారు లేని ఆట: ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తొలి పాఠకులకు దొరకనిదేమిటి?

అష్టాచెమ్మాను ఎవరూ పుస్తకం చదివి నేర్చుకోరు. గవ్వలు ఎలా వెయ్యాలో, పంట ఎప్పుడు పండుతుందో పెద్దవాళ్ల పక్కన కూర్చుని చూస్తాం, తప్పాడితే వాళ్లే దిద్దుతారు. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం లేక్ జెనీవా నుంచి వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను దూరాన ఎక్కడో కొనుక్కున్నవారికి ఆ వీలు లేకపోయింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన ఆ ఆట మూడు చిన్న పుస్తకాలుగా ఒక పెట్టెలో వచ్చింది. తొలి ముద్రణ వెయ్యి ప్రతులు. బొమ్మ సైనికులతో యుద్ధాలాడే అలవాటున్నవారినే దృష్టిలో పెట్టుకుని రాయడం వల్ల, పోరాట నియమాల కోసం ‘చైన్‌మెయిల్’ అనే మరో పుస్తకం చూడమని అందులోనే చెప్పారు. ఆ పుస్తకం, ఆ అలవాటు రెండూ లేనివాళ్లకు పెట్టెలో దొరికింది పట్టికలు, అంకెలు మాత్రమే.

అయితే అసలు లోటు నియమాలది కాదని నా అభిప్రాయం. ఈ ఆట ప్రధానంగా సంభాషణ. ఒకరు కథ నడుపుతూ ఎదుట ఏముందో చెబుతారు, మిగిలినవారు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు, ఫలితం ఎటూ తేలనప్పుడు పాచికలు తేలుస్తాయి. మన ఇళ్లలో రాత్రిపూట కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొడతారు కదా, ఇక్కడ ఆ ఊఁ కొట్టేవారే రాకుమారుడు గుహలోకి వెళ్లాలో వద్దో నిర్ణయిస్తారు. ఎదురుగా కూర్చుని ఎవరైనా ఆడుతుంటే అయిదు నిమిషాల్లో అర్థమయ్యే ఈ విషయం, నియమాలు ఎన్నిసార్లు చదివినా తట్టకపోవచ్చు. మూడో పుస్తకంలో సంభాషణ నమూనా ఒకటి ఉన్నమాట నిజమే గానీ, ముందుగా తెలియాల్సినదాన్ని చివరి పుస్తకంలో పెడితే అక్కడిదాకా ఎందరు ఓపిక పడతారు?

ఆ తికమకే కొత్త ఆటలకూ దారితీసింది. అరిజోనాలోని ఫీనిక్స్‌లో కెన్ సెయింట్ ఆండ్రే ఆ పుస్తకాలు చూసి, వాటి గందరగోళం నచ్చక, రకరకాల ముఖాల పాచికలు అక్కర్లేకుండా, మామూలు ఆరు ముఖాల పాచికలతోనే ఆడుకునేలా 1975లో ‘టన్నెల్స్ అండ్ ట్రోల్స్’ రాశారు. 1977లో నాడీ వైద్య నిపుణుడు జె. ఎరిక్ హోమ్స్ అసలు ఆటనే కొత్తవారికి తగినట్లు పాత్రలు ఎదిగే అంచెల్లో (లెవెల్స్) మొదటి మూడింటి వరకు కుదించి తిరగరాశారు.

నా దృష్టిలో ఒంటరి పాఠకుడి కష్టాన్ని పూర్తిగా అర్థం చేసుకున్నది 1983లో ఫ్రాంక్ మెంట్జర్ కొత్తవారి కోసం ఇదే ఆటను తిరిగి రూపొందించిన ఎర్ర పెట్టె. అందులోని పాచికలపై అంకెలు చెక్కి ఉండేవి కానీ రంగు ఉండేది కాదు. పెట్టెలోనే ఇచ్చిన మైనపు రంగు కడ్డీని పాచిక మీద రుద్ది పైపైన తుడిచేస్తే, గీతల్లో రంగు నిలిచి అంకెలు కనబడేవి. ఆటగాడి పుస్తకం మీద ‘ముందు ఇది చదవండి’ అని ఉంటుంది. తెరవగానే నియమాలు రావు, కథ వస్తుంది. నువ్వొక యోధుడివి, గుహలోకి వెళ్లావు, పాముతో తలపడ్డావు. లోపల అలీనా అనే యువతి గాయాలు మాన్పుతుంది, తన విద్య గురించి చెబుతుంది. కాసేపటికే బార్గిల్ అనే మాంత్రికుడి చేతిలో ఆమె చనిపోతుంది. అప్పటికి పాఠకుడు పాచిక వేయడం, దెబ్బల లెక్క చూసుకోవడం తనకు తెలియకుండానే నేర్చుకుని ఉంటాడు. అంతకన్నా ముఖ్యంగా, కాసేపటి క్రితం పరిచయమైన ఒక పాత్ర కోసం బాధపడి ఉంటాడు. పక్కన కూర్చుని ఆడించే స్నేహితుడు చేసే పనిని అచ్చు పుటలు అంత దగ్గరగా చేయడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఈనాటి కొత్తవారికి వీడియోలున్నాయి. కొందరు కలిసి ఈ ఆట ఆడుతుంటే చూపించే, 2015లో మొదలైన ‘క్రిటికల్ రోల్’ వంటి ప్రదర్శనలు చూస్తే ఎవరు ఎప్పుడు మాట్లాడాలో ఇట్టే తెలుస్తుంది. కానీ అక్కడ ఆడేవారు వృత్తిరీత్యా గాత్ర నటులు. వారిలా గొంతు మార్చలేకపోతే ఆట రానట్టేనని భయపడి వెనకడుగు వేస్తే అది పెద్ద నష్టం. పుస్తకాన్నే నమ్ముకున్న పాతతరం వాళ్లు ఎన్నో నియమాలను తప్పుగా అర్థం చేసుకుని, తమకు తోచినట్లు సర్దుకుని ఆడారు. ఆ సర్దుబాట్లే ఒక్కో ఊరి ఆటకు ఒక్కో తీరు తెచ్చాయి.

నియమాల పుస్తకం ఇంగ్లిషులో ఉన్నా, బల్ల చుట్టూ మాట మన తెలుగే కావచ్చు. నలుగురు స్నేహితులు, కొన్ని పాచికలు చాలు. పాడుబడ్డ కోట, సగం తెరిచిన తలుపు, లోపలి నుంచి దీపం వెలుగు ఉన్నాయని చెప్పి, “ఇప్పుడేం చేస్తావురా?” అని అడిగితే ఆట మొదలైనట్టే.